తొంభై ఆరు టవర్లు, రెండు దండోరాలు

అధ్యక్ష కుర్చీలో ఉన్న ఇంజినీరు గారికి, ఆయన పక్కన పూలదండల బరువుకు మెడ వంచుకుని కూర్చున్న మా బాలకిష్టయ్య సారుకు, ఆ పక్కన కుర్చీ అంచు మీద, ఇప్పుడే లేచి వెళ్లిపోదామా అన్నట్టు కూర్చున్న సారు ఇల్లాలు విజయమ్మ అమ్మకు, ముందు వరసలో ఉన్న పెద్దలకు, వెనక నిలబడ్డ నా వంటివాళ్లకు, టిఫిన్ పొట్లాల మీద ఒక కన్ను, నా మీద ఒక కన్ను వేసి ఉంచిన మిత్రులకు నమస్కారాలు. షామియానా గుంజ దగ్గర, ఎంత పిలిచినా లోపలికి రాకుండా నిలబడ్డ దానియేలు మామకు ఇంకో నమస్కారం. దాన్ని విడిగా పెట్టడానికి కారణం ఉంది. తర్వాత చెప్తాను.

నన్ను రెండు నిమిషాలు మాట్లాడమన్నారు. నేను నాలుగు కాగితాలు రాసుకొచ్చాను. (నవ్వులు) ఏడో తరగతి రెండుసార్లు చదివినవాణ్ని, రెండోసారి కూడా పరీక్షకు నేను నచ్చలేదు. అందుకని పాన్‌గల్ బడి పంతులు గారితో ఒత్తులు దిద్దించుకున్నాను. ఇంకా తప్పులుంటే అవి నా సొంతం. రోజూ మాట్లాడే భాషలో మాట్లాడొచ్చు కదా అంటారేమో. నేను ఆ భాషలో నోరు తెరిస్తే మీరు నవ్వడానికి సిద్ధమైపోతారు. పదమూడేళ్లుగా అట్లా అలవాటు చేసింది నేనే. ఈ రోజు చివరిదాకా వినాలి, అందుకే ఈ కాగితాల భాష.

ఇప్పటిదాకా మాట్లాడిన పెద్దలు ఐదుగురూ సారును నెమ్మదస్తుడు అన్నారు. అన్న ప్రతిసారీ వెనక వరసలో ఎవరో ఒకరు దగ్గారు. ఎందుకు దగ్గారో నాకు తెలుసు, అమ్మకూ తెలుసు. మన సబ్‌స్టేషన్లో సారు లేనప్పుడు సారుకు ఇంకో పేరుంది. రేపు సార్. ఆ పేరు పెట్టింది నేను కాదు. మిగతా అందరి పేర్లూ నేనే పెట్టాను కాబట్టి దీన్ని కూడా నా మీదే వేశారు. (నవ్వులు) లైనులోకి మొదటిసారి కరెంటు వదిలే రోజు, పెద్ద పెద్దవాళ్లంతా కొబ్బరికాయలు పట్టుకుని నిలబడి ఉంటే, ‘ఇయ్యాల కాదు, రేపు’ అని కబురు పంపినందుకు ఆ పేరు. మర్నాడు కూడా అదే కబురు పంపారు. ఎందుకు ఆపారో తొమ్మిదేళ్లుగా ఎవరికీ చెప్పలేదు. ఈ సాయంత్రం ఐదు గంటలకు ఆఖరి సంతకం చేసి, రిటైరై సారు గద్వాలకు వెళ్లిపోతారు. ఆ పేరు కూడా శాలువాలతో పాటు సంచిలో పడి వెంట పోతుంది. దాన్ని ఆ సంచిలోంచి తీయగలిగినవాడు ఈ పందిట్లో ఒక్కడున్నాడు. వాడి చేతిలో ప్రస్తుతం మైకు ఉంది.

సారూ, మీరు తల అడ్డంగా ఊపొద్దు. మెడలో దండలు తెగుతాయి. (నవ్వులు)

మొదటి నుంచి చెప్తాను. కొత్తగా చేరిన పిల్లలు ఆ లైను ఎప్పుడూ అక్కడే ఉందనుకుంటున్నారు, గుట్టల్లాగా. నాలుగు వందల కేవీ లైను. ఒక కేవీ అంటే వెయ్యి వోల్టులని సారే నేర్పారు. మన ఇంట్లో బల్బు రెండు వందల ముప్పైకి వెలుగుతుంది, అదీ కరెంటు ఉన్నప్పుడు. ఇది నాలుగు లక్షలు. ఎక్కడో దక్షిణాన బయలుదేరి, తుంగభద్ర దాటి, మానవపాడు చేన్ల మీదుగా వచ్చి, కృష్ణ దాటి, పాన్‌గల్ గుట్టల పక్క నుంచి నాగర్‌కర్నూల్ వైపు తిరిగి, కల్వకుర్తి దాటి పట్నానికి పోతుంది. ఎవరి ఇంట్లోనూ దిగదు. పెద్ద ఆఫీసరు జీపులో పోయినట్టు పోతుంది.

ఎనభై ఐదులో సర్వేవాళ్లు ఎర్రజెండాలు పాతుకుంటూ వచ్చారు. ఎనభై ఆరులో గుంతలు తవ్వడం మొదలైంది. మా వైపు మనుషులు దేశంలో ఎక్కడెక్కడి ఆనకట్టలకో, కాలువలకో గుంతలు తవ్వి వచ్చినవాళ్లు. సొంతూరి చేన్లో గుంత తవ్వడానికి పిలుపు రావడం అదే మొదటిసారి. ఒక్కో టవరుకు నాలుగు కాళ్లు, నాలుగు గుంతలు, ఒక్కోటి ఇద్దరు మనుషుల లోతు. నేను కూడా అందులో దిగినవాణ్నే. మేము తవ్వుతుంటే, అదిగో మూడో వరసలో తలగుడ్డ చుట్టుకుని కూర్చున్నాడే, ఆ వెంకటన్న గట్టు మీద నిలబడి సారును అడిగాడు.

“సారూ, గింత పెద్ద కరెంటు మా నెత్తిమీదికెల్లి పోతది గదా. మా మోటరుకు ఒక సన్న తీగ ఏస్తే మీకేం బోతది?”

“వెంకటన్నా, కృష్ణ పొంగినప్పుడు బిందె పట్టుకపోయి నీళ్లు ముంచుకుంటవా?” అన్నారు సారు.

“ముంచుకోను. కొట్టుకపోత.”

“ఇది గూడ గట్లనే. దీన్ని దించనీకె పెద్ద సబ్‌స్టేషన్ కావాలె.”

వెంకటన్న కొంచెం ఆలోచించి, “అంటే మోసుడు మాది, ఎలిగిచ్చుకునుడు వాళ్లది” అన్నాడు. దానికి సారు జవాబు చెప్పలేదు. అప్పటికే సారుకు ఆ అలవాటుంది. జవాబు లేనిచోట ఊరుకుంటారు. మిగతా ఆఫీసర్లకు ఆ అలవాటు లేదు, అందుకే మేము సారు గ్యాంగులోకి ఎగబడేవాళ్లం.

సారు గద్వాలలో మగ్గం మీద పుట్టి పెరిగిన మనిషి. ఇరవై ఆరేళ్లదాకా చీరలు నేశారు. మగ్గం అన్నం పెట్టడం మానేసినప్పుడు తీగల పనిలోకి వచ్చారు. రెండూ ఒకటే, ఇది జర పెద్ద మగ్గం అనేవారు. రెండు టవర్ల మధ్య తీగ ఎంత వేలాడాలో దానికో కొలత ఉంటుంది. ఎండకు సాగుతుంది, చలికి బిగుస్తుంది. ఇంజినీర్లు టవరుకు పలక కట్టి దుర్భిణిలో చూసేవారు. సారు కింద నిలబడి, తల ఒక పక్కకు వంచి, “జానెడు బిగియ్యున్రి” అనేవారు. తర్వాత పలకతో చూస్తే జానెడే తేలేది.

ఒకసారి అడిగాను, అంత నమ్మకం ఎట్లా అని. నమ్మకం కాదన్నారు. పొద్దున మగ్గం తొక్కే ముందు పడుగు మీద అరచేయి పెట్టి ఈ అంచు నుంచి ఆ అంచుదాకా నిమరాలట. తెగిన పోగు ఉంటే చేతికి తగులుతుంది. నిమరకుండా తొక్కితే ఆ తప్పు చీర పూర్తయ్యాక కనబడుతుంది, అప్పుడు విప్పే వీలుండదు. “మా నాయిన ఒక్కనాడు నిమరకుంట కాలు పెట్టలే. నేను గూడ పెట్ట” అన్నారు. అప్పుడు నాకిది ముసలి ముచ్చటగా అనిపించింది. మీరు మాత్రం గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

కృష్ణ మీదుగా తీగ దాటించిన రోజు సంగతి చెప్పకపోతే వెనక వరస ఒప్పుకోదు. ముందు పుట్టి పడవలో ఒక సన్న తాడు అవతలి ఒడ్డుకు తీసుకుపోవాలి, ఆ తాడుతో లావు తాడు, లావు తాడుతో తీగ. పట్నం నుంచి వచ్చిన ఒక చిన్న ఇంజినీరు బూట్లు విప్పి, నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. ఆ బూట్లను తాడుకు ఎవరు కట్టారో ఇప్పటికీ తేలలేదు. (నవ్వులు) అవి నది మధ్యలో గాలిలో పోతూ ఉంటే ఆయన చూశాడు. సాయంత్రందాకా ఇసుకలో గెంతుతూ పని చేయించాడు. సారు నన్నేమీ అనకుండా పుట్టి ఎక్కి అవతలికి పోయి, బూట్లు తెచ్చి ఆయన ముందు పెట్టి, “తాడుకు చిక్కుకున్నయి సార్” అన్నారు. ముడి పడ్డ తాడు ముక్కను మాత్రం విప్పకుండా నా చేతిలో పెట్టారు. ఆ రోజే నాకు అర్థమై ఉండాల్సింది, ఈ మనిషి నన్ను కాపాడతాడు, కాపాడిన సంగతి నాకు తెలిసేటట్టు చేస్తాడు, అంతకంటే శిక్ష వేయడని. నాకు అర్థం కాలేదు. ఇంకా పెద్ద పని చేశాను.

ఎనభై ఎనిమిది ఆగస్టుకు తీగలు ఎక్కడం అయిపోయింది. అవతలి సబ్‌స్టేషన్ తయారు కాలేదు. ఏడు నెలలపాటు లైను ఊరికే నిలబడింది. కరెంటు లేని టవరంటే మా ఊళ్లకు ఇనుప సామాన్ల దుకాణం. అడుగున అడ్డంగా ఉండే ఇనుప బద్దీలు విప్పుకుపోయి ఒకడు మంచానికి, ఒకడు పశువుల కొట్టానికి, ఒకడు విత్తనాలేసే గొర్రుకు వాడుకున్నాడు. సారు సెక్షనులో తొంభై ఆరు టవర్లు, ముప్పై ఎనిమిది కిలోమీటర్లు. వాటికి కాపలా నేను. నాకొక సైకిలు, ఆ సైకిలుకు బ్రేకు లేదు. నాకు కాళ్లు నొప్పి పుట్టాయి. కాళ్లు నొప్పి పుడితే నా తల పనిచేస్తుంది.

లైనులోకి కరెంటు వదిలే ముందు ఊరూరా దండోరా వేయించాలని మన పద్ధతి. టవరు ముట్టవద్దు, ఎక్కవద్దు అని. ఎట్లాగూ వేయించేదే కదా, ఆర్నెల్లు ముందే వేయిస్తే ఏం పోయింది, జనం దూరంగా ఉంటారు, నేను నీడన ఉంటాను అనుకున్నాను. మా పది ఊళ్లకు చాటింపు వేసేది దానియేలు మామ. ఆయన ఇంటికి పోయాను.

“మామా, పెద్దసారు ఆర్డరొచ్చింది. లైనుల కరెంటు ఇడిషిన్రని సాటింపు ఎయ్యాలె.”

“కాయిదమేది?”

“ఇగో.”

మామ చదవలేడు, కానీ ముద్ర లేనిదే డప్పు పట్టడు. కాగితం తిప్పి చూశాడు. గుండ్రటి ముద్ర ఉంది. మంట వేసి డప్పు కాగబెట్టుకున్నాడు. ఆ కాగితం మా బర్రెకు సూది వేసినట్టు పశువుల దవాఖానవాళ్లు ఇచ్చింది. (నవ్వులు) నవ్వండి, నేనూ అప్పుడు నవ్వాను.

“ఇనున్రయ్యో ఇనున్రి! పెద్ద కంబాలల్ల కరెంటొచ్చింది! ఎవ్వలు ముట్టొద్దు, ఎక్కొద్దు, పశులను కట్టెయ్యొద్దు!” ఇంతవరకు మన శాఖ మాటలే. చావుకు మా ఊళ్లో పెద్దగా భయపడరని నాకు తెలుసు. అందుకని నా వంతుగా ఒక ముక్క కలిపాను: “కంబం ముట్టినోల్లకు సంతానం కలగదయ్యో!”

మామ ఆగి అడిగాడు. “ఇది గూడ కాయిదంల ఉన్నదా?”

“రెండో పేజీల ఉన్నది మామా.”

ఆ కాగితానికి రెండో పేజీ లేదు.

నాలుగు నెలలు టవరు దగ్గరికి పిట్ట కూడా రాలేదు. కొత్తగా పెళ్లయినవాళ్లు తీగల కింద నుంచి పోకుండా చుట్టు తిరిగి చేనికి పోయేవారు. ఎత్తుకుపోయిన బద్దీలు కొన్ని తెల్లారేసరికి టవరు కాళ్ల దగ్గర పేర్చి ఉండేవి. మీ పాండు లాంటి కాపలాదారు లేడని పై ఆఫీసు సారును మెచ్చుకుంది. సారు నన్ను మెచ్చుకున్నారు. నేను మొహమాటపడ్డట్టు నిలబడ్డాను.

తర్వాత తిరుపతమ్మ బర్రె ఈనింది.

ఆ బర్రె అరవై ఎనిమిదో టవరు కాలుకు రోజూ ఒళ్లు రుద్దుకునేది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు, దానికి చాటింపు అర్థం కాదు కదా. జనవరిలో అది ఈనిన మర్నాడు తిరుపతమ్మ బోరింగు దగ్గర బిందె దించి, ఊరంతా వినేటట్టు అరిచింది. “నా బర్రె దినాం ఆ కంబానికే ఒరుసుకుంది. నిన్న దుడ్డె ఏసింది, సూడున్రి! ఏడి, సంతానం కలగదన్నోడు ఏడి? ఓ దానియేలూ, నీ డప్పు గిట్ల అబద్ధాలు గూడ చెప్తదా?” చాటింపు నాటికే బర్రె చూడితో ఉందని ఎవరూ ఆలోచించలేదు. ఆ రోజుతో లైనులో కరెంటు లేదని పది ఊళ్లకు రుజువైపోయింది. పోయినవాళ్లు రెట్టింపు తిరిగొచ్చారు.

దానియేలు మామ మా ఇంటికొచ్చాడు. గడప బయటే నిలబడ్డాడు.

“పాండుగా, ఆ కాయిదం మల్ల సూపియ్యి.”

“ఎలుకలు కొట్టినయి మామా.”

“మా తాతల కాడికెల్లి ఈ డప్పు సావులు చెప్పింది, ఓట్లు చెప్పింది, వాగొచ్చిందని చెప్పింది. ఒక్కనాడు అబద్ధం చెప్పలే. నువ్వు చెప్పిచ్చినవ్.”

డప్పు చెప్పిందా, నువ్వు చెప్పావా మామా అని ఎగతాళి చేశాను. ఆయన నా మొహం చూసి వెళ్లిపోయాడు. నేను ఆ రాత్రి అన్నం మామూలుగానే తిన్నాను. ఆ సంగతి కూడా చెప్పాలి.

మార్చిలో అసలు ఆర్డరు వచ్చింది. ఈసారి నిజం కాగితం, నిజం ముద్ర. సారు స్వయంగా మామకు చదివి వినిపించారు. మామ మూడు రోజులు పది ఊళ్లు తిరిగి కొట్టాడు. జనం ఇళ్లలోంచి బయటికి వచ్చారు, నవ్వడానికి. “ఈపారి ఏమైతది దానియేలూ? మా కోళ్లు గుడ్లు పెట్టవా?” అని ఒకరు. “బర్రెను గూడ పిలుస్తున్నం, ఇంటది” అని ఒకరు.

కరెంటు వదలాల్సింది పొద్దున పది గంటలకు. దానికి ముందు ప్రతి సెక్షను పెద్దా ఒక కాగితం మీద సంతకం పెట్టాలి, నా హద్దులో లైను మీద మనిషి లేడు, పనిముట్టు లేదు అని. అన్ని సెక్షన్లూ పెట్టేశాయి. సారు పెన్ను మూత తీసినప్పుడు దానియేలు మామ వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను, సారు సైకిలు తుడుస్తున్నాను.

“సారూ, డప్పు కొట్టిన. ఎవ్వలు ఇంటలేరు.”

“ఎందుకు?”

“ఇంతకుముందు ఒకపారి కొట్టిన సారు. అది అబద్ధమైంది. ఇప్పుడు నిజం చెప్తే నవ్వుతున్నరు.”

మామ నా పేరు చెప్పలేదు. నా వైపు చూడలేదు కూడా. సారు పెన్ను మూత పెట్టారు. వైర్‌లెస్ సెట్టులో, “నా సెక్షన్ ఇయ్యాల కాదు, రేపు చెప్త” అన్నారు. అవతల ఎవరు ఏమన్నారో నాకు వినబడింది, ఈ సభలో చెప్పే మాటలు కావు. సారు సెట్టు కింద పెట్టి, నీళ్ల సీసా తీసుకుని బయలుదేరారు. తొంభై ఆరు టవర్లూ నడిచి చూస్తానన్నారు. పడుగు నిమరడం, చెప్పాను కదా.

ఆఫీసుకు దగ్గరి టవర్లతో మొదలుపెట్టి, పదిన్నరకు డెబ్భై ఒకటో టవరు దగ్గరికి చేరారు. నేను వెనక ఉన్నాను. పైన వంద అడుగుల ఎత్తున వెంకటన్న ఉన్నాడు. టవరు రెక్క మీద తేనెపట్టు పట్టింది. పొగ పెట్టి, పొడుగు ఇనుప చువ్వకు కొడవలి కట్టుకుని కోస్తున్నాడు. ఆ చువ్వకూ తీగకూ మధ్య ఎంత దూరముందో కింద నుంచి సారు తల పక్కకు వంచి చూశారు. ఆ రోజు ఎన్ని జానలో చెప్పలేదు.

“వెంకటన్నా, దిగు.”

“ఆగు సారు, ఇంక జరంతే ఉంది.”

“కరెంటు ఇడుస్తున్నరు.”

“గా ముచ్చట దానియేలు గూడ చెప్పిండు. తిరుపతమ్మ బర్రెనడుగు పో!”

సారు చెప్పులు విడిచారు. అప్పటికి నలభై తొమ్మిదేళ్లు. బెల్టు లేదు, తాడు లేదు. ఎక్కి, ఆ ఈగల మధ్యలో వెంకటన్న పక్కన రెక్క మీద కూర్చుని, “నువ్వు దిగేదాంక నేను దిగ. వస్తే ఇద్దరికొస్తది” అన్నారు. తన సంతకం లేనిదే కరెంటు రాదని సారుకు తెలుసు. వైర్‌లెస్‌లో అవతలివాళ్లు ఎంత తొందరలో ఉన్నారో కూడా తెలుసు. వెంకటన్న చువ్వ కింద పడేసి దిగాడు. ఎందుకు దిగావని తర్వాత అడిగితే, “సారు మొఖం సూసిన. ఆ మొఖం ముందట బర్రె గిర్రె ఏం నిలువలే” అన్నాడు. పది గంటలకు సంతకం పడి ఉంటే, వెంకటన్న ఈ రోజు మూడో వరసలో కూర్చునేవాడు కాదు. వెంకటన్నా, ఒకసారి లేచి నిలబడు. చాలు, కూర్చో.

(ముందు వరసల్లో తలలు వెనక్కి తిరిగాయి)

ఒకడు ఉన్నాడంటే ఇంకొకరు ఉండరని ఏముంది అని సారు ఆగలేదు. ఎనభై మూడో టవరు నుంచి ఒకాయన తన గుడిసెకు రేడియో తీగ లాక్కున్నాడు. తొంభై రెండో టవరు కాళ్ల మధ్య చీరతో ఉయ్యాల కట్టి ఉంది, అందులో పాప నిద్రపోతోంది, తల్లి పక్క చేన్లో పల్లికాయ పీకుతోంది. ఒక్కొక్కటి విప్పించుకుంటూ రెండు రోజులు నడిచారు. రెండో సాయంత్రం, అవతలి కొసన ఒకటో టవరు కింద రాయి మీద కూర్చుని, పగిలిన మడమలు చూసుకుంటూ అడిగారు.

“పాండూ, నేను డప్పు ఎన్నిసార్లు కొట్టియ్యమన్న?”

“ఒక్కసారి సార్.”

“ఎన్నిసార్లు కొట్టిరి?”

“రెండుసార్లు సార్.”

అంతే. మూడో రోజు పొద్దున సంతకం పెట్టారు. పదకొండు గంటలకు తీగలు తుమ్మెదల్లాగా రొద పెట్టాయి. ఆ రొద ఇప్పటికీ ఉంది.

కొబ్బరికాయలతో వచ్చిన పెద్దవాళ్లు అప్పటికే వెళ్లిపోయారు. రెండు రోజులు ఎందుకు ఆపావో రాసి ఇవ్వమని సారును అడిగారు. సారు ఒకే ముక్క రాశారు: ‘నా సెక్షను మీద నాకు నమ్మకం చాలక, ఇంకోసారి చూసుకున్నాను.’ ఆ ముక్క కింద పై ఆఫీసువాళ్లు ఎర్ర సిరాతో గీత గీశారు. ఆ గీత సారు కాగితాల్లో ఇప్పటికీ ఉంది. రెండుసార్లు ప్రమోషన్ల జాబితా వచ్చింది, రెండుసార్లూ ఆ ఎర్రగీత ముందుగా కనబడింది. సారు దగ్గర ముడి వేయడం నేర్చుకున్నవాళ్లు సారుకు పై అధికారులయ్యారు. వాళ్లలో ఇద్దరు ఇక్కడే ఉన్నారు, వాళ్ల తప్పేమీ లేదు.

తొంభై మూడులో ఒకసారి ధైర్యం చేసి అడిగాను. “సారూ, నా పేరు ఎందుకు చెప్పకపోతిరి?”

“నువ్వు అప్పటికి పర్మినెంట్ గాలే. లిస్టుల పేరుండె. నేను నోరు తెరిస్తే కొట్టేస్తుండిరి.”

“కొట్టేస్తే కొట్టేస్తుండిరి సార్.”

“నీ జాగల ఇంకోన్ని తెస్తరు. వానికి పని మొదటికెల్లి నేర్పాలె. నాకు యాష్టకొస్తది” అన్నారు. (నవ్వులు)

తొంభై ఒకటిలోనే నేను పర్మినెంట్ అయ్యాను. ఆ తర్వాత కూడా ఏడేళ్లు నోరు మూసుకున్నాను. పొద్దున్నుంచీ ఆగని నోరు అని మీరంతా అనే ఈ నోరే. దానికి కారణం ఏమిటో రాద్దామని కూర్చుని, సమయం రాలేదు అని రాశాను. కొట్టేశాను. సారు వద్దన్నారు అని రాశాను. అదీ కొట్టేశాను. భయం అని రాస్తే పంతులు గారు ఒత్తులేమీ దిద్దలేదు.

విజయమ్మ అమ్మా. ఆ మూడో రోజు సారు ఇంటికి వస్తే మీరు వేడినీళ్లలో ఉప్పు వేసి కాళ్లు పెట్టించారు. నేను అరుగు మీద కూర్చుని మీరు పెట్టిన జొన్నరొట్టె తింటున్నాను. ‘మీ సారుకు ఏమైంది పాండూ, ఎందుకు ఆపిండు?’ అని నన్ను అడిగారు. తెల్వదమ్మా అన్నాను. క్వార్టర్ల దగ్గర నల్లా కాడ ఆడవాళ్లు రేపు సారు భార్య అని నవ్వినప్పుడల్లా మీరు బిందె సగం నిండగానే ఎత్తుకుని వెళ్లిపోయేవారు. అది కూడా చూశాను. ఇప్పుడు తెలిసింది కదమ్మా ఎందుకు ఆపారో. ఆ రొట్టె అరిగిపోయింది, తిరిగి ఇవ్వలేను.

ఇంజినీరు గారూ, ఒక్క మనవి. మీరు ఇదంతా అధ్యక్ష కుర్చీలో కూర్చుని విన్నారు, కాబట్టి విననట్టు ఉండలేరు. దొంగ దండోరా వేయించినందుకు నాకు మెమో ఇవ్వాలి. తప్పకుండా ఇవ్వండి, ఈ రోజు టిఫిన్ తిననిచ్చి రేపు ఇస్తే ఇంకా మంచిది. (నవ్వులు) కానీ కారణం రాసేచోట రెండు ముక్కలతో సరిపెట్టవద్దు. పశువుల దవాఖాన కాగితం, తిరుపతమ్మ బర్రె, డెబ్భై ఒకటో టవరు, పదిన్నర గంట, వెంకటన్న, తొంభై రెండో టవరు కింద ఉయ్యాల, అన్నీ రాయించండి. నేను కింద ‘నిజమే’ అని సంతకం పెడతాను. దాని నకలు ఒకటి బాలకిష్టయ్య సారు కాగితాల్లో, ఆ ఎర్రగీత ఉన్న పేజీ పక్కన పెట్టించండి. ఎర్రగీతను మీరు చెరపలేరు, నాకు తెలుసు, నియమాలు ఒప్పుకోవు. నా తప్పును దాని పక్కన కుట్టడానికి ఏ నియమమూ అడ్డం రాదు. పుట్టిన దగ్గర్నుంచి నేను చేసిన తుంటరి పనుల్లో ఇది ఆఖరిది. దీనికి మీ సాయం కావాలి.

ఇంక దానియేలు మామ సంగతి. పోయిన వారం మామ ఇంటికి పోయాను. వీడ్కోలు సభలో ఈ నిజం డప్పు కొట్టి నువ్వే చాటాలి మామా అని అడిగాను. ఆ మార్చి తర్వాత మామ డప్పు దించలేదు. ఇంటి దూలానికే ఉంది. దాని వంక చూశాడు. తర్వాత, “నువ్వే చెప్పు, నీ నోటితోని. పెద్ద మనుషుల ముంగట చెప్పు. నేను బయట నిలబడి ఇంట. నిజమైతే కొడ్త. కాకుంటే డప్పు సంకల ఏసుకొని ఇంటికి పోత” అన్నాడు. అందుకే ఆయన లోపలికి రాలేదు. పొద్దున మన వంటవాళ్ల పొయ్యి దగ్గరే డప్పు కాగబెట్టుకున్నాడు. నేను ఇంకా సాగదీస్తే అది చల్లారుతుంది.

కాబట్టి ముగిస్తున్నాను. రెండు నిమిషాలని చెప్పి ఇంతసేపు నిలబడనిచ్చిన మీ అందరికీ, మైకు లాక్కోని అధ్యక్షులవారికి, ఒత్తులు దిద్దిన పంతులు గారికి, లేచి నిలబడిన వెంకటన్నకు కృతజ్ఞతలు. బాలకిష్టయ్య సారూ, మీకు చెప్పేంత చదువు నాకు లేదు. తొంభై ఆరూ ఇప్పటికీ నేనే తిరుగుతున్నాను. సైకిలుకు బ్రేకు వేయించాను.

దానియేలు మామా, నా దగ్గర రెండో పేజీ లేదు. ఉన్నదంతా ఇదే. ఇంక నీ ఇష్టం.

సెలవు.

(షామియానా బయట డప్పు)